ఒకే చూపు: ప్రేమ, మృత్యువుల మధ్య నడిచే మా స్వతంత్ర చిత్రం పనుల డైరీ

స్క్రిప్టు దశ

మా కథానాయిక మార్చురీలో ఛాయాచిత్రాలు తీసే ఉద్యోగిని. గుర్తు తెలియని మృతదేహాల ముఖాలను, చేతులను, పుట్టుమచ్చలను, పాత గాయాల గుర్తులను రికార్డు కోసం చిత్రీకరించడం ఆమె పని. ప్రమాదాల్లో నడక కోల్పోయినవారికి మళ్లీ అడుగులు వేయడం నేర్పే ఫిజియోథెరపిస్టును ఆమె ప్రేమిస్తుంది. కదలిక పూర్తిగా ఆగిపోయిన శరీరం ముందు నిలబడినప్పుడు ఆమె చూపు అక్కడే చిక్కుకుపోతుంది. అతను ఒక బొటనవేలు కాస్త కదిలినా సంబరపడే మనిషి. కథకు ఇంతకు మించిన ఎత్తుగడ లేదు, అవసరమని కూడా నాకు అనిపించలేదు.

మొదటి ప్రతిలో ఆమె బాల్యానికి సంబంధించిన సన్నివేశం ఒకటి ఉండేది. మృత్యువు పట్ల ఆమెకు ఈ ఆకర్షణ ఎందుకు కలిగిందో ఆ సన్నివేశం చెప్పేది. నటీనటులతో కూర్చుని చదివిన తర్వాత దానిని పూర్తిగా తీసేశాము. కారణాన్ని తెర మీద పెట్టిన క్షణం నుంచి ఆకర్షణ కాస్తా రోగ లక్షణంగా మారుతుంది, లక్షణం ఉన్నచోట ప్రేక్షకుడు చికిత్సను కోరుకుంటాడు, చివరికి ప్రేమ వైద్యుడి వేషం కట్టవలసి వస్తుంది. ప్రేమ వల్ల ఆమె బాగుపడిందని చెప్పే సినిమా నేను తీయదలచుకోలేదు. ఆమె బాగానే ఉంది. ఇతరులు తల తిప్పుకునే చోట ఆమె తిప్పుకోదు, అంతే. అలాంటి మనిషిని ప్రేమించడం ఎలా ఉంటుందన్నదే ఈ చిత్రం అడిగే ప్రశ్న.

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1920లో, మనిషిలో జీవితం వైపు లాగే ప్రేరణతో పాటు మృత్యువు వైపు లాగే ప్రేరణ కూడా ఉంటుందని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను ఆయన అనుచరుల్లోనే చాలామంది అంగీకరించలేదు. మా చర్చల్లో ఆ ఆలోచన చాలాసార్లు ప్రస్తావనకు వచ్చింది కానీ, పాత్రను దాని మీద నిలబెట్టడం కుదరలేదు. ఎందుకంటే ఆమె చనిపోవాలని కోరుకునే మనిషి కాదు. మృత్యువు గురించి ఎడతెగని కుతూహలం ఉండటం వేరు, చావును కోరుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేసే సంభాషణలు ఎక్కడ దొర్లినా వెతికి పట్టుకుని తిరగరాయడమే ఈ దశలో నేను చేసిన ముఖ్యమైన పని.

నిపుణుల సలహా

కథ మధ్యలో ఆత్మహత్య చేసుకున్న ఒక యువకుడి దేహం మార్చురీకి వస్తుంది. అప్పటివరకు తన పనిని ఎంతో నిబ్బరంగా చేసుకుపోయే కథానాయిక, ఆ ముఖం ముందు మాత్రం పని ముగిసినా కదలలేకపోతుంది. చిత్రానికి ఇది ఇరుసు లాంటి ఘట్టం. ఇందులో జాగ్రత్త తప్పితే చిత్రమంతా బాధ్యత తప్పినట్టే. అందుకే మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే ఒక నిపుణురాలికి స్క్రిప్టు ఇచ్చి, ఆమె సలహా వచ్చేదాకా ఆ భాగం షెడ్యూలు వేయలేదు.

ఈ విషయంలో ఊహల మీద ఆధారపడనవసరం లేదు. 1774లో వెలువడిన గొయ్‌థే నవలలో ప్రేమ విఫలమైన వెర్థర్ ఆత్మహత్య చేసుకుంటాడు. అది చదివి కొందరు యువకులు అతనిని అనుకరించారన్న భయంతో కొన్ని చోట్ల ఆ పుస్తకాన్ని నిషేధించారు. సరిగ్గా రెండు వందల ఏళ్ల తర్వాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పత్రికల్లో ప్రముఖంగా వచ్చిన ఆత్మహత్యా వార్తలకూ ఆ తరువాత పెరిగిన మరణాలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించి, దానికి వెర్థర్ ప్రభావం అని పేరు పెట్టాడు. దీనికి రెండో వైపు కూడా ఉంది. సంక్షోభంలో చిక్కుకున్న మనిషి దానిని దాటి బయటపడిన కథనాలు ప్రాణాలు నిలిపే దిశగా పనిచేయవచ్చని 2010లో ఆస్ట్రియా పరిశోధకులు ప్రచురించారు. మొజార్ట్ 1791 నాటి సంగీత నాటకంలో, ప్రేమ దక్కదని చావబోయి, ముగ్గురు బాలుర మాటతో ఆగిపోయే పపగేనో పేరు ఆ ప్రభావానికి పెట్టారు. ప్రేమా మృత్యువూ కలిసి నడిచే రెండు కథల్లో ఒకటి హెచ్చరికగా, రెండోది ఆశగా వైద్యశాస్త్రంలోకి చేరాయన్న సంగతి నాకు ఈ చిత్రం రాస్తున్నప్పుడే తెలిసింది. అది నా మీద చాలా గట్టిగా పనిచేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, రంగస్థల రచయితల కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ఆత్మహత్య జరిగే చర్యనూ పద్ధతినీ చూపవద్దని, ఒకే కారణానికి ముడిపెట్టవద్దని, సహాయం దొరికే దారులూ తోడు నిలిచే మనుషులూ కథలో కనిపించాలని అందులోని సారాంశం. మా నిపుణురాలు దీనిని పక్కన పెట్టుకుని స్క్రిప్టును పేజీ పేజీగా చూశారు. ఫలితంగా, యువకుడు ఎలా చనిపోయాడో తెలిపే వాక్యం పోయింది. అతను రాసిన ఉత్తరం పోయింది. మెడ, మణికట్లు కనిపించే షాట్లు పోయాయి. వాటి స్థానంలో అతని కోసం వచ్చిన స్నేహితుడి సన్నివేశం చేరింది. ఆ స్నేహితుడు మార్చురీ వరండాలో కూర్చుని, తాను కూడా ఒకప్పుడు అదే అంచు దాకా వెళ్లానని, ఒక ఫోన్ కాల్ తనను వెనక్కి తెచ్చిందని కథానాయికతో చెబుతాడు. సలహా మేరకు చేర్చిన సన్నివేశం ఉపదేశంలా ఉంటుందేమోనని కొందరు సందేహించారు. నా అభిప్రాయం వేరు: చిత్రంలో మృత్యువు గురించి నిజంగా తెలిసి మాట్లాడే మనిషి అతనొక్కడే, మిగిలినవారందరూ బయటి నుంచి చూస్తున్నవారే.

కెమెరా పరీక్షలు

కెమెరా తదేకంగా దేనిని చూస్తే అది అందంగా మారుతుంది. ఈ చిత్రానికి అసలైన ప్రమాదం ఇదే. నెమ్మదిగా ముందుకు కదిలే ట్రాలీ, వెనుక నుంచి పడే మెత్తని వెలుగు, పలుచని పొగ, నీలి రంగు కలిస్తే ఏ మృతదేహమైనా కవిత్వం అయిపోతుంది. కథానాయిక ఆకర్షణను ప్రేక్షకుడు అర్థం చేసుకోవాలి కానీ, మేము దానిని అలంకరించి అమ్మకూడదు. అందుచేత ఛాయాగ్రాహకుడూ నేనూ కలిసి ఒక నియమం రాసుకున్నాము: మృతదేహం ఉన్న షాట్లలో కెమెరా కదలదు, అక్కడ పనిచేసే మనిషి నిలబడే ఎత్తులోనే ఉంటుంది, మరీ దగ్గరకు వెళ్లదు. దగ్గరకు జరిగే కదలికలన్నీ బతికి ఉన్నవారి కోసమే.

వెలుగు విషయంలోనూ అదే పద్ధతి. మార్చురీల్లో పనికి కావలసినది నీడలు లేని, పై నుంచి సమంగా పడే వెలుగు. అలాంటి ట్యూబు దీపాల కింద తీసేటప్పుడు మినుకుమినుకుమనే సమస్య ఒకటి ఉంది. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న చోట సాధారణ ట్యూబులైట్ సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో, 180 డిగ్రీల షట్టరుతో (ఒక్కో ఫ్రేముకు వెలుగు ఎంతసేపు అందాలో నిర్ణయించే కోణం అది) తీస్తే ఒక్కో ఫ్రేము 48వ వంతు సెకను పాటు వెలుగు తీసుకుంటుంది కాబట్టి, ఆ రెండు లెక్కలూ కలవక చిత్రం మీద అలలు కదులుతాయి. షట్టరును 172.8 డిగ్రీలకు మార్చితే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా 50వ వంతు సెకను, అంటే సరిగ్గా రెండు హెచ్చుతగ్గుల సమయం దొరికి అలలు ఆగిపోతాయి. కదలికే లేని శరీరం మీద వెలుగు అలలు కదిలితే కన్ను అక్కడికే పోతుంది కనుక, మిగతా చిత్రాల్లో చిన్నదిగా వదిలేయగల ఈ లోపాన్ని ఇక్కడ వదలడానికి వీలు లేకపోయింది.

లెన్సుల ఎంపికకు ఎక్కువ సమయం పట్టలేదు. దాదాపు చిత్రమంతా 35, 50 మిల్లీమీటర్ల లెన్సులతోనే సాగుతుంది.

మార్చురీ సెట్టు, మేకప్

నిజమైన మార్చురీలో చిత్రీకరించే అవకాశాన్ని మేము కోరలేదు. అక్కడ ఉన్న మృతులు అనుమతి ఇవ్వలేరు, వారి కోసం వచ్చే కుటుంబాలు కెమెరాలను చూడవలసిన అవసరం లేదు. ఒక ఖాళీ గదిలోనే సెట్టు వేశాము. దానికి ముందు, మార్చురీలో చాలాకాలం పనిచేసిన ఒక ఉద్యోగితో కళా విభాగం, మేకప్ విభాగం, నటి కలిసి మాట్లాడారు. ఆయన చెప్పినవాటిలో చిత్రాన్ని మార్చేసిన మాట ఒకటుంది: దేహాన్ని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పేటప్పుడు ముందుగా అరచేతిని తల కింద పెట్టాలి, లేకపోతే తల బల్లకు తగులుతుంది. తగిలినా నొప్పి తెలిసే మనిషి అక్కడ లేడు కదా అని నటి అడిగితే, తల తగిలిన చప్పుడు మనం వినలేమండీ అని ఆయన అన్నారు. నటి ఆ చేతి కదలికను మళ్లీ మళ్లీ సాధన చేసింది. ఆ కదలికే ఇప్పుడు చిత్రానికి వెన్నెముక అయింది. ఎలాగో కింద రాస్తాను.

మేకప్ విషయానికి వస్తే, తెర మీద మరణమంటే తెల్లని పొడి పూయడమన్న అలవాటు బలంగా ఉంది. నిజానికి గుండె ఆగిన తర్వాత రక్తం బరువుకు కిందికి దిగి, శరీరంలో కింది వైపున ఊదా రంగు పరుచుకుంటుంది; పై వైపు పాలిపోతుంది; బల్లకు గట్టిగా ఆనుకున్న భుజాలు, పిరుదుల దగ్గర మాత్రం రక్తం చేరలేక ఆ చర్మం తెల్లగానే మిగులుతుంది. వెల్లకిలా పడుకున్న దేహంలో అందువల్లే మెడ వెనుక భాగంలోనూ చెవుల్లోనూ రంగు మారుతుంది. మా మేకప్ కళాకారిణి ముఖాన్ని దాదాపు వదిలేసి చెవులు, గోళ్లు, మెడ వెనుక భాగం మీద ఎక్కువ సమయం పెట్టింది. ఫలితం చూశాక ముఖానికి రంగు అవసరమే లేదనిపించింది.

బిగుసుకుపోవడం గురించి కంటిన్యూయిటీ (షాటుకూ షాటుకూ వివరాలు పొంతన తప్పకుండా ఉండటం) చూసే సహాయ దర్శకురాలు ఒక పట్టిక తయారుచేసింది. మరణించిన కొన్ని గంటలకు కనురెప్పలు, దవడ, మెడ వంటి చోట్ల మొదలయ్యే ఆ బిగువు, దాదాపు 12 గంటలకు శరీరమంతా పాకి, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో సడలిపోతుంది. పరిసరాల వేడిని బట్టి ఈ లెక్క చాలా మారుతుంది. కథలో ఒక వృద్ధుడి చేతిని కథానాయిక పైకెత్తే సన్నివేశం ఉంది. ఆయన చనిపోయి ఎంతసేపైందో సంభాషణలో చెప్పము, అయినా ఆ చేయి వంగాలా వంగకూడదా అన్నది నటుడికి తెలియాలి కదా. వంగనట్టు తీశాము. ఆమె ఒకసారి మెల్లగా ప్రయత్నించి, ఒప్పుకుని, చేతిని ఉన్నట్టే వదిలేస్తుంది. ప్రేమ గురించి ఈ చిత్రం చెప్పేదంతా ఆ చిన్న ప్రయత్నంలో ఉందని నేను నమ్ముతున్నాను.

చిత్రీకరణ

మృతుడిగా నటించడం అన్నిటికంటే కష్టమైన నటన అని సెట్టులో అందరికీ తెలిసివచ్చింది. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు, అంటే మూడు నుంచి ఐదు సెకన్లకోసారి ఛాతీ లేస్తుంది. నిండుగా గాలి పీల్చి బిగబట్టితే ఛాతీ ఉబ్బి, మెడ నరాలు పొంగి కనిపిస్తాయి. సగం గాలి వదిలి ఆపితే శరీరం సడలినట్టు ఉంటుంది కానీ అలా ఎక్కువసేపు ఉండలేరు. మూసిన రెప్పల వెనుక కనుగుడ్లను కిందికి చూస్తున్నట్టు ఉంచితే రెప్పలు అదరడం తగ్గింది. మెడ దగ్గర కొట్టుకునే నాడిని మాత్రం ఎవరూ ఆపలేరు. అది కనిపించిన షాట్లలో ఆ భాగాన్ని మాత్రమే గుర్తించి, ఒకే ఫ్రేమును నిలిపి ఉంచి, దాని మీద మళ్లీ గ్రెయిన్ (చిత్రమంతా సన్నగా కదిలే చుక్కల పొర) కలపాలని నిర్ణయించాము. గ్రెయిన్ కలపకపోతే చుట్టూ చిత్రం సన్నగా కదులుతూ ఆ ఒక్క చోట గడ్డకట్టినట్టు కనిపించి మోసం తెలిసిపోతుంది.

యువకుడి సన్నివేశం రోజున లైటింగ్ విభాగంలోని ఒకతను తాను బయట ఉంటానని అడిగాడు. ఇంట్లో ఇటీవలే ఒకరిని పోగొట్టుకున్నాడు. ఏ సన్నివేశం ఎప్పుడు తీస్తామో, అందులో ఏముంటుందో ముందురోజే అందరికీ రాసి పంపడం, తప్పుకోవాలనుకునేవారిని కారణం అడగకపోవడం మా పద్ధతి. అతని స్థానంలో మరొకరు చేశారు. ఏ చిత్రానికైనా ఈ పద్ధతి ఉండాలని నా అభిప్రాయం, ఇలాంటి చిత్రానికైతే అది కెమెరా ఎంత అవసరమో అంత అవసరం. మృతుడిగా చేసిన యువ నటుడు షాటు ముగిశాక వెంటనే లేచి వెళ్లిపోకుండా, దుస్తులు మార్చుకుని, మేకప్ పూర్తిగా తుడుచుకుని, అందరితో కాసేపు మాట్లాడి, తన సొంత పేరుతో పిలిపించుకున్న తర్వాతే సెట్టు వదలాలని కూడా నియమం పెట్టుకున్నాము.

ప్రేమికులిద్దరూ ఏకాంతంలో ఉండే సన్నివేశాన్ని, అలాంటి సన్నివేశాల్లో నటులకు ఇబ్బంది లేకుండా చూసే ఇంటిమసీ కోఆర్డినేటర్ ఆధ్వర్యంలో, ఏ చేయి ఎక్కడ ఉంటుందో ముందే నిర్ణయించుకుని తీశాము. అతను నిద్రపోయిన తర్వాత తల దిండు మీది నుంచి జారుతుంది, ఆమె అరచేతిని తల కింద పెట్టి మెల్లగా సరిచేస్తుంది. మార్చురీలో చేసిన అదే కదలిక, అదే వేగం, అదే చేయి. సంభాషణ లేదు. ఆ షాటు తీస్తున్నప్పుడు, ఆమెకు మృత్యువు పట్ల ఉన్నదీ అతని పట్ల ఉన్నదీ రెండు వేర్వేరు భావాలు కాకపోవచ్చునని, రెండూ ఒకే శ్రద్ధ అని, ఇన్నాళ్లూ మేము రాసిన సంభాషణలన్నీ దీనినే చుట్టుముట్టి చెప్పాయని నాకు అర్థమైంది. ఆ తరువాత రాసి ఉంచిన రెండు పేజీల సంభాషణను చిత్రీకరించలేదు.

ఎడిటింగ్

ఒక శతాబ్దం క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం సినిమా విద్యార్థులందరికీ తెలిసిందే. నటుడు మొజూఖిన్ ముఖం ఒకే షాటును వేర్వేరు దృశ్యాల పక్కన పెడితే ప్రేక్షకులు ఆ ముఖంలో వేర్వేరు భావాలు చూశారన్నది దాని సారం. ఆ ఫిల్మ్ ఇప్పుడు లేదు, వివరాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. అయితే పక్కన పెట్టిన దృశ్యాల్లో శవపేటిక ఒకటి, ఒక స్త్రీ ఒకటి ఉన్నాయని తరచూ చెబుతారు. మృత్యువు, కోరిక. మా చిత్రానికి కావలసిన రెండూ అక్కడే ఉన్నాయి.

కులెషోవ్ దారిలోనే, వేరే ఉద్దేశంతో, మేము కథానాయిక ముఖం షాటు ఒకదానిని రెండుసార్లు వాడి చూశాము: ఒకసారి వృద్ధుడి దేహం తర్వాత, మరోసారి నిద్రపోతున్న ప్రేమికుడి తర్వాత. చూసిన కొద్దిమందిలో ఎవరూ అదే షాటు అని గుర్తించలేదు. మొదటిదానిలో జాలి, రెండోదానిలో ప్రేమ కనిపించాయని చెప్పారు. మాకు కావలసినది దానికి వ్యతిరేకం, ఆ రెండు చూపులూ ఒకటేనన్న అనుమానం ప్రేక్షకుడికి రావాలి. అందుకని ముఖాన్ని ముందుకు తెచ్చాము. ముందు ఆమె చూపు, చాలాసేపు. ఆమె దేనిని చూస్తోందో ఆ తర్వాతే. రెండోసారి అదే ముఖం వచ్చినప్పుడు ప్రేక్షకుడు దేహాన్ని ఊహించుకుంటాడు, తెర మీద నిద్రపోతున్న అతను కనిపిస్తాడు. ఆ ఒక్క క్షణం అతను చనిపోయాడేమోనన్న గుబులు పుడుతుంది, దుప్పటి లేచి పడుతుంది. కట్ల వరుస మార్చడం తప్ప మరేమీ చేయకుండా వచ్చిన ఈ ఫలితం ఎడిటర్‌దే, ఆమెకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాఁ 1945లో రాసిన ఒక వ్యాసంలో, శరీరాన్ని కాలం నుంచి కాపాడుకోవాలన్న ఈజిప్టు మమ్మీల నాటి కోరికే ఛాయాచిత్రకళలోనూ ఉందని వాదించాడు. తర్వాత మరో వ్యాసంలో, మృత్యువునూ ప్రేమనూ అనుభవించగలం కానీ వాటి స్వభావానికి భంగం కలగకుండా తెర మీద చూపలేమన్నాడు. ఈ రెండో మాటతో నాకు చాలాకాలం వాదన నడిచింది. ఎడిటింగ్ గదిలో ఆయన పక్షానికే చేరాను. చిత్రంలో మరణించే క్షణం ఒక్కటి కూడా లేదు, ప్రేమ పతాక స్థాయికి చేరే క్షణమూ లేదు. రెండింటికీ ముందూ తరువాతా మాత్రమే ఉన్నాయి, చూస్తున్న మనిషి ఉంది.

శబ్దం, ఇకపై పని

ఇప్పుడు శబ్దం పని నడుస్తోంది. నిశ్శబ్దం అంటే ట్రాకులో ఏమీ లేకపోవడం కాదు. అలా చేస్తే థియేటరులో స్పీకర్లు పాడైనట్టు అనిపిస్తుంది. ప్రతి గదికీ తనదైన ఖాళీ శబ్దం ఉంటుంది కాబట్టి, ప్రతి సెట్టులోనూ అందరినీ కదలకుండా నిలబెట్టి దానిని విడిగా రికార్డు చేశాము. మార్చురీ శీతలయంత్రపు సన్నని రొదను పడకగది కింద, వినిపించీ వినిపించనంత స్థాయిలో ఉంచి చూస్తున్నాము. సౌండ్ డిజైనర్ దానిని చివరిదాకా ఉంచాలంటారు. నిద్రపోతున్న ప్రేమికుడు ఊపిరి పీల్చిన చోటు నుంచి ఆ రొద తగ్గుతూ పోవాలన్నది నా కోరిక, ఇంకా తేలలేదు. శ్వాసలను మాత్రం సింక్ సౌండు (చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేసిన శబ్దం) నుంచే తీసుకుంటున్నాము. డబ్బింగులో మళ్లీ పీల్చిన ఊపిరి ఎంత బాగా కలిపినా ఆ శరీరానిది కానట్టు వినిపిస్తోంది.

సంగీతం చాలా తక్కువ. దేహాలున్న సన్నివేశాల్లో అసలు లేదు.

కలర్ గ్రేడింగ్ ముందు సరిచేయవలసిన నాడి షాట్ల జాబితా గ్రాఫిక్స్ విభాగానికి చేరింది. మార్చురీని చల్లని నీలంగానూ ప్రేమ సన్నివేశాలను వెచ్చని పసుపుగానూ విడదీయవద్దని, చర్మం రంగు రెండు చోట్లా ఒకే ప్రమాణంతో ఉండాలని కలరిస్టుకు రాసి ఇచ్చాను. చిత్రం మొదట్లో వచ్చే హెచ్చరిక వాక్యం, చివర్లో సహాయం కోరదలచినవారికి ఇచ్చే సమాచారం మా నిపుణురాలి దగ్గర పరిశీలనలో ఉన్నాయి. ప్రదర్శించే ప్రతి ప్రాంతంలోనూ అక్కడ పనిచేసే సహాయ కేంద్రాల వివరాలు ఉండాలని ఆమె పట్టుబట్టారు, ఆ జాబితా తయారీ నేను తీసుకున్నాను. శబ్దం ప్రాథమిక మిశ్రమం పూర్తయ్యాక మార్చురీ ఉద్యోగికీ, వరండా సన్నివేశంలో నటించినవారికీ, ఆ రోజు బయట ఉన్న లైటింగ్ సహచరుడు ఇష్టపడితే అతనికీ ముందుగా చూపిస్తాము. తల తిప్పే సన్నివేశంలో ఆమె చేయి ఉండవలసిన చోటే ఉందో లేదో ఆ ఉద్యోగి చెప్పేదాకా పిక్చర్ లాక్ చేయకూడదని, అంటే కట్లను ఖరారు చేయకూడదని ఎడిటరూ నేనూ అనుకున్నాము.